గోథిక్ కథలకు కత్తెర వేయవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య గోథిక్ కథలను, అంటే పాత భవనాలు, దిగులు, భయం అల్లుకున్న కథలను, వరుసగా తెలుగులో అందించాలన్న ఆలోచన మెచ్చుకోదగినది. ఆ వరుసలో మొదటిదిగా అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ను ఎంచుకోవడమూ సబబే. అయితే ఆ కథను ప్రచురించిన తీరు మీద, దానికి పైన పెట్టిన పరిచయం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. స్థలాభావం వల్ల ప్రకృతి వర్ణనను, భవన వర్ణనను తగ్గించామనీ, అందువల్ల కథకు లోటేమీ రాలేదనీ ఆ పరిచయంలో ఒకచోట రాశారు. ఇవన్నీ మతి చలించిన మనుషుల కథలని మరొకచోట రాశారు. ఈ రెండు మాటలకూ సంబంధం లేనట్టు పైకి కనిపిస్తుంది కానీ రెండింటికీ మూలమైన పొరపాటు ఒక్కటే. రాబోయే వారాల్లో పో రాసిన మరో కథ ‘ది టెల్-టేల్ హార్ట్’, ఫ్రెంచి రచయిత మొపాసా రాసిన ‘ది హోర్లా’, షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ వస్తాయని ప్రకటించారు కనుక, అవి కూడా ఇదే కత్తెర పాలు కాకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా అషర్ కథ సంగతి. 1839 సెప్టెంబరులో ‘బర్టన్స్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో అచ్చయిన ఈ కథలో, చప్పుడే లేని ఒక శరత్కాలపు మసక పగలంతా గుర్రం మీద ఒంటరిగా ప్రయాణించి, పొద్దువాలే వేళకు కథకుడు తన చిన్ననాటి స్నేహితుడైన రోడెరిక్ అషర్ ఇంటి ముందుకు చేరుకుంటాడు. ఆ ఇల్లు కంటపడగానే అతని మనసును భరించలేని దిగులు కమ్మేస్తుంది. మీ సంక్షిప్త రూపంలో ఇదంతా అతను ఆ పాడుబడిన భవనానికి చేరుకున్నాడన్న ఒక్క వాక్యంగా మిగిలింది. మూలంలో ఇక్కడ చాలా జరుగుతుంది. ఈ ఇంటిలో నన్ను ఇంతగా కుంగదీస్తున్నది ఏమిటని కథకుడు తనను తాను ప్రశ్నించుకుంటాడు. గోడలా, శూన్యంగా చూస్తున్న కళ్లలాంటి కిటికీలా, తెల్లబారి కుళ్లిన చెట్ల మోళ్లా? విడివిడిగా చూస్తే వీటిలో దేనికీ అంత శక్తి ఉన్నట్టు తోచదు. అందుచేత ఇవన్నీ కలిసిన అమరికలోనే ఏదో ఉండాలనీ, ఆ అమరికను కొద్దిగా మార్చి చూస్తే దిగులు తగ్గవచ్చుననీ తర్కించి, గుర్రాన్ని ఇంటి పక్కనున్న నల్లటి మడుగు అంచుకు నడిపించి, నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్న అదే ఇంటిని చూస్తాడు. దిగులు తగ్గదు సరికదా, ఒళ్లు మునుపటికంటే ఎక్కువగా జలదరిస్తుంది. చదువూ వివేకమూ ఉన్న మనిషి ఒకడు ఇంకా చీకటి పడకముందే చేసుకున్న చిన్న ప్రయోగం ఇది. అది బెడిసికొట్టడంతో కథలోని మొదటి భయం పుడుతుంది. అప్పటికింకా ఏ తలుపూ తెరుచుకోలేదు, ఏ శవమూ లేవలేదు.

ఈ ఆరంభాన్ని తొలగించడం వల్ల జరిగిన నష్టం ఇంతటితో ఆగలేదు. మడుగు నుంచి, గోడల నుంచి, కుళ్లిన చెట్ల నుంచి పైకి లేచి, సీసపు రంగులో, కనీకనిపించకుండా ఆ ఇంటి చుట్టూ ఒక ఆవిరి కమ్ముకొని ఉన్నదని కథకుడికి ఆరంభంలోనే అనిపిస్తుంది. అది కల అయి ఉంటుందని తనకు తాను చెప్పుకొని, దులిపేసుకొని ముందుకు కదులుతాడు. చాలా పేజీల తరువాత రోడెరిక్ తన విశ్వాసం ఒకటి బయటపెడతాడు. ఈ ఇంటి రాళ్లకు, వాటిమీద పరుచుకున్న బూజుకు, మడుగులోని నీళ్లకు చైతన్యం ఉందనీ, అవి తమ చుట్టూ తమదైన ఒక వాతావరణాన్ని మెల్లమెల్లగా పేర్చుకున్నాయనీ, తన వంశాన్ని తరతరాలుగా మలచినది అదేననీ అంటాడు. ఇలాంటి అభిప్రాయాలకు వ్యాఖ్య అక్కరలేదని కథకుడు కొట్టిపారేస్తాడు. కానీ మూలాన్ని పూర్తిగా చదివిన పాఠకుడు అంత తేలిగ్గా కొట్టిపారేయలేడు, ఎందుకంటే ఆ ఆవిరిని ఈ కథకుడే అందరికంటే ముందు చూశాడు. రోడెరిక్ మాటకు సాక్ష్యం చెప్పవలసిన మనిషి ఆ సాక్ష్యాన్ని మింగేశాడు. మీ సంక్షిప్త కథలో మొదటి ఘట్టం లేదు, రెండవది మాత్రం ఉంది. ఫలితంగా రోడెరిక్ మాటలు వట్టి పిచ్చి ప్రేలాపనగా తేలిపోయాయి. వర్ణనను తీసేస్తే పిచ్చివాడు దానంతటదే తయారయ్యాడు, పైన పరిచయంలో మతి చలించిన మనుషులని రాయడానికి అనువుగా.

తుఫాను రాత్రి ఘట్టంలోనూ ఇంతే జరిగింది. ఇంటి చుట్టూ వెలుగుతున్న ఆ వాయువును చూడవద్దని కథకుడు కిటికీ మూసి, ఇవి మామూలు విద్యుత్ చర్యలే అయి ఉంటాయి, లేదా మడుగులోని కుళ్లు వల్ల పుట్టినవి అయి ఉంటాయి అని స్నేహితుడికి నచ్చజెబుతాడు. రెండు కారణాలు ఒకేసారి చెప్పేవాడికి రెండింటిలో ఏ ఒక్కదానిమీదా నమ్మకం లేదని వేరే చెప్పనక్కరలేదు. కొద్దిసేపటికి, చనిపోయిందనుకొని శవపేటికలో పెట్టిన తన కవల సోదరి మేడలిన్ అందులో కదలడం తాను రోజుల కిందటే విన్నాననీ, నోరు విప్పడానికి ధైర్యం చాలలేదనీ ఒప్పుకొని, ఆమె ఇప్పుడు తలుపు బయటే నిలబడి ఉన్నదని అరుస్తూ, రోడెరిక్ తన స్నేహితుణ్ణి పిచ్చివాడా అని సంబోధిస్తాడు. ఆ పిలుపు ఎవరి నోట వచ్చిందో, ఎవరిని ఉద్దేశించినదో గమనించండి. తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె నిజంగానే అక్కడ ఉంటుంది. వాస్తవం తెలిసినవాడు రోడెరిక్, కారణాలు వెతికి వెతికి వాస్తవాన్ని కాదన్నవాడు కథకుడు. ఆ పిలుపును కూడా మీ అనువాదంలో వదిలేశారు.

కథలో అనవసరమైన భాగమే లేదని నేను అనడం లేదు. కథకుడు బిగ్గరగా చదివే పాత వీరగాథలో తలుపు బద్దలైతే ఇక్కడ కూడా సరిగ్గా అదే చప్పుడు వినిపించడం, అక్కడ డాలు కింద పడితే ఇక్కడ లోహం మోగడం కొంత మోతాదు మించిన ఏర్పాటుగానే నాకు తోస్తుంది. అయితే మీ అనువాదంలో ఆ భాగం పొల్లుపోకుండా ఉంది. చప్పుళ్లను ఉంచి నిశ్శబ్దాన్ని తీసేశారు.

పో ఈ విషయాన్ని యథాలాపంగా వదిలిన రచయిత కాడు. 1842లో నథానియెల్ హాథార్న్ కథలను సమీక్షిస్తూ, కథ అరగంట నుంచి ఒకటి రెండు గంటలలోపు ఒకే బిగిన చదివి ముగించగలిగేదిగా ఉండాలనీ, రచయిత ముందే ఒకే ఒక ప్రభావాన్ని నిర్ణయించుకొని సంఘటనలన్నింటినీ దానికోసమే అల్లాలనీ, మొట్టమొదటి వాక్యమే ఆ ప్రభావం వైపు నడవకపోతే అతను తొలి అడుగులోనే ఓడిపోయినట్టనీ రాశాడు. ఇలా రాసిన మనిషి కథలో మొదటి పేజీని అలంకారమని తీసేయడం ఎంత విడ్డూరమో మీరే ఆలోచించండి. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలుపెట్టిన గోథిక్ నవలల్లో కోటలు, సొరంగాలు, పర్వత దృశ్యాలు వందల పేజీలు సాగాయన్నది నిజమే, అక్కడ కొంత తగ్గించినా పెద్దగా పోయేదేమీ ఉండకపోవచ్చు. చిన్న కథకు వచ్చేసరికి ఆ సరంజామా అంతా కుదించుకుపోయి, ఒక్కొక్క వస్తువు మీద ఒక్కొక్క బరువు పడింది. ఇంటి కప్పు నుంచి మడుగు దాకా వంకర్లు తిరుగుతూ దిగిన, పరీక్షగా చూస్తే తప్ప కనిపించని పగులు ఒకటి అషర్ కథ ఆరంభంలో ఉంటుంది. కథ చివర ఆ ఇల్లు చీలేది ఆ పగులు వెంబడే. మీ కథలో ఇల్లు మాత్రం ముందస్తు సూచన ఏదీ లేకుండా హఠాత్తుగా కూలిపోయింది.

భయానికీ జుగుప్సకూ మధ్యనున్న తేడాను గోథిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చాలా ముందే గుర్తించింది. ఆమె మరణానంతరం 1826లో వెలువడిన వ్యాసంలో, భయం మనసును విప్పార్చి దాని శక్తులను మేల్కొలుపుతుందనీ, జుగుప్స వాటిని ముడుచుకుపోయేట్టు చేసి గడ్డకట్టిస్తుందనీ, మొదటిదానికి ఆధారం అస్పష్టత అనీ వాదించింది. మీరు కథకు వేయించిన బొమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. నెత్తుటి మరకలున్న తెల్లబట్టలతో గుమ్మంలో నిలబడిన మేడలిన్ బొమ్మను పేజీ పైభాగాన, శీర్షిక పక్కన వేశారు. కథ అంతా దాచిపెట్టి చివరి పేజీలో చూపించే దృశ్యాన్ని పాఠకుడు కథ మొదలుపెట్టక ముందే చూసేశాడు.

ఇక పరిచయంలోని రెండవ మాట. ‘ది టెల్-టేల్ హార్ట్’ 1843 జనవరిలో ‘ది పయనీర్’ పత్రికలో వచ్చింది. ఒక ముసలివాణ్ణి హత్య చేసిన మనిషే తన కథ చెప్పుకుంటాడు. తనకు కంగారు ఎక్కువేనని ఒప్పుకుంటాడు, కానీ నన్ను పిచ్చివాడని ఎందుకంటారని మొదటి వాక్యంలోనే నిలదీస్తాడు. తన పథకంలోని ఓర్పును, జాగ్రత్తను, నేర్పును సాక్ష్యంగా చూపిస్తాడు. ఈ వాదన ఆనాటి పాఠకులకు కొత్తది కాదు. బుద్ధి చెక్కుచెదరకుండానే మనిషికి ఉన్మాదం కలగవచ్చునని జేమ్స్ కౌల్స్ ప్రిచర్డ్ అనే వైద్యుడు 1835లో ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. ఒకే విషయాన్ని పట్టుకొని వేలాడే ఉన్మాదం గురించి ఫ్రెంచి వైద్యులు అంతకుముందు నుంచే రాస్తున్నారు. పో కథ వెలువడిన ఆ జనవరిలోనే లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనేవాడు ప్రధానమంత్రి కార్యదర్శిని కాల్చాడు. ఉన్మాదికి నేరబాధ్యత ఎంతవరకు ఉంటుందన్న దానిమీద ఆంగ్ల న్యాయమూర్తులు నిర్దేశించిన సూత్రాలు ఆ కేసు పర్యవసానమే. ఆ కాలపు పాఠకుడికి ఈ కథ ఒక ప్రశ్నగా చేరింది. పిచ్చివాడి కథ అని మీరు ముందే తేల్చేస్తే నేటి పాఠకుడికి ఆ ప్రశ్నే చేరదు.

కథలోకి కాస్త దగ్గరగా వెళ్లి చూడండి. ఏడు రాత్రులు, సరిగ్గా అర్ధరాత్రి వేళ, అతను ముసలివాడి గది తలుపును ఎంత నెమ్మదిగా తెరుస్తాడంటే, తల లోపలికి పెట్టడానికే గంట పడుతుంది. మూసి ఉంచిన లాంతరును సాలీడు పోగంత సన్నని వెలుతురు మాత్రమే వచ్చేలా తెరిచి, పొర కమ్మిన ముసలివాడి నీలిరంగు కన్ను మీద ప్రసరింపజేస్తాడు. ఎనిమిదవ రాత్రి లాంతరు మీద బొటనవేలు జారి చప్పుడవుతుంది, ముసలివాడు ఎవరదని కేకవేసి లేచి కూర్చుంటాడు. ఆ తరువాత గంటసేపు ఇద్దరూ కదలరు. చీకట్లో ముసలివాడు మూలుగుతాడు. ఆ మూలుగు తనకు బాగా తెలుసుననీ, ఎన్నో అర్ధరాత్రులు లోకమంతా నిద్రపోతున్నప్పుడు అదే మూలుగు తన గుండెల్లోంచి ఉబికివచ్చిందనీ హంతకుడు చెబుతాడు. నా దృష్టిలో కథ మొత్తానికి భయంకరమైన చోటు ఇదే, శవాన్ని దాచిన నేల చెక్కల కింది నుంచి వినిపించే గుండె చప్పుడు కాదు. చంపబోయేవాడూ చావబోయేవాడూ ఒకే భయంతో ఒకే గదిలో గోడకు అటూ ఇటూ కూడా కాకుండా ఎదురెదురుగా ఉన్నారు, ఒకరికి మాత్రమే ఆ సంగతి తెలుసు. మతిలేనివాడి చేష్టలని ముందే చెప్పించుకొని చదివేవారు ఈ చోటు దగ్గర ఆగరు.

మరొక సంగతి కూడా ఉంది. జబ్బు తన ఇంద్రియాలను మొద్దుబార్చలేదనీ, పదును పెట్టిందనీ, వినికిడి అన్నింటికంటే తీక్షణమైందనీ ఈ హంతకుడు అంటాడు. నాలుగేళ్ల ముందు రోడెరిక్ అషర్ అన్నదీ దాదాపు ఇదే, అక్కడ అతని చెవి నిజమే చెప్పింది. రెండు కథలనూ వరుసగా చదివిన పాఠకుడికి ఈ రెండవ చెవిని ఎంతవరకు నమ్మాలో తెలియదు. వినిపించినది ముసలివాడి గుండెనా, సొంత గుండెనా, గోడలో టిక్కుటిక్కుమనే పురుగా? ఆ పురుగుల చప్పుడు వింటూ ఎన్నో రాత్రులు గడిపానని అతనే మధ్యలో ఒకచోట అంటాడు, ఒకే ఒక్కసారి, ఉపవాక్యంలో. సంక్షిప్తం చేసే చేతికి మొదట తెగిపడేది ఇలాంటి ఉపవాక్యాలే.

కంటికి కనిపించని ప్రాణి ఒకటి తనను పట్టి పీడిస్తున్నదని నమ్మే మనిషి కథ ‘ది హోర్లా’. దాని విషయంలో మొపాసా మనకు అరుదైన సాక్ష్యం మిగిల్చాడు, ఎందుకంటే ఆ కథను ఆయనే రెండుసార్లు రాశాడు. 1886 నాటి మొదటి రూపంలో ఒక పిచ్చాసుపత్రి వైద్యుడు తోటి వైద్యులను, పండితులను పిలిపించి, తన రోగిని వారి ముందు కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. 1887 నాటి రెండవ రూపంలో వైద్యుడూ లేడు, ఆసుపత్రీ లేదు, మే 8న మొదలై సెప్టెంబరు 10తో ఆగిపోయే ఒక దినచర్య పుస్తకం మాత్రమే ఉంటుంది. మొదటి రూపం చివర ఆ వైద్యుడు ఈ మనిషి పిచ్చివాడో, మేమిద్దరమూ పిచ్చివాళ్లమో, లేక మనిషి తరువాత రావలసినవాడు నిజంగానే వచ్చేశాడో తనకు తెలియదని చేతులెత్తేస్తాడు. బాగున్న ముగింపే. అయినా రచయితకు తృప్తి కలగలేదు. వైద్యుడు పక్కన ఉన్నంతసేపూ పాఠకుడు వైద్యుడి కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీని తీసేయడమే రెండవ రూపంలో మొపాసా చేసిన ముఖ్యమైన మార్పు. మీ పరిచయం ఆ కుర్చీని మళ్లీ తెచ్చి వేస్తున్నది.

ఆ దినచర్యలో మే 8 నాటి పుట చాలా హాయిగా ఉంటుంది. ఇంటి ముందు పచ్చికలో పడుకొని, పక్కన పారే సేన్ నది మీద వెళ్లే ఓడలను కథకుడు చూస్తుంటాడు. తెల్లగా మెరిసిపోతున్న మూడు తెరచాప స్తంభాల బ్రెజిల్ ఓడ ఒకటి వెళుతుంటే, ఎందుకో తనకే తెలియకుండా దానికి వందనం చేస్తాడు. సంక్షిప్తం చేసేవారికి ఈ పుట కంటే అనవసరమైనది ఉండదు. కానీ వేసవి చివర, బ్రెజిల్‌లో జనం కంటికి కనిపించని ప్రాణులు తమను పీలుస్తున్నాయని ఇళ్లు వదిలి పారిపోతున్నారన్న వార్త చదివినప్పుడు, తన ఇంటి ముందు నుంచి వెళ్లిన ఓడ అతనికి గుర్తుకొస్తుంది. ఆ వందనం ఆహ్వానమైందని అప్పుడు అర్థమవుతుంది. మొదటి పుట లేకపోతే ఆ వార్త ఎక్కడి నుంచో ఊడిపడ్డ కబురు అవుతుంది.

జూలై నాటి పుట ఒకటి కూడా ఇక్కడ చెప్పదగినది. రాత్రిళ్లు తన పక్కనున్న నీళ్లు, పాలు ఎవరో తాగుతున్నారని అనుమానం వచ్చి, నిద్రలో తానే తాగుతున్నానేమో తేల్చుకోవాలని, సీసాలకు తెల్లటి పలుచని బట్ట చుట్టి, మూతలకు దారం కట్టి, తన పెదవులకు, గడ్డానికి, చేతులకు పెన్సిల్ సీసపు పొడి రుద్దుకొని పడుకుంటాడు. తెల్లవారి చూస్తే దుప్పటి మీద మరక లేదు, సీసాల బట్ట మీద మరక లేదు, దారాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, నీళ్లూ లేవు, పాలూ లేవు. ప్రయోగశాలలో చేసినంత పద్ధతిగా చేసిన పరీక్ష ఇది. అషర్ కథకుడు మడుగు అంచున చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం. ఈ కథల్లో మనుషులు తర్కాన్ని వదిలేసి భయపడరు, చివరిదాకా తర్కాన్ని పట్టుకొనే భయంలోకి దిగుతారు. అందుకే ఏ మెట్టు దగ్గర వాళ్లను విడిచిపెట్టాలో మనకు తోచదు. మొపాసా 1892 నుంచి మానసిక చికిత్సాలయంలో ఉండి 1893లో అక్కడే మరణించాడు కనుక ఇది ఆయన సొంత పిచ్చికి రాతరూపమని అనేవారున్నారు. వాక్యం వాక్యం కొలిచి, ఒకే కథను రెండుసార్లు కట్టిన మనిషి గురించి అలా అనడం న్యాయం కాదు. పో విషయంలోనూ ఇలాంటి ప్రచారం ఆయన పోయిన రెండు రోజులకే, 1849 అక్టోబరు 9న ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’లో రూఫస్ గ్రిస్వోల్డ్ మారుపేరుతో రాసిన సంతాప వ్యాసంతో మొదలైంది. దయచేసి దానిని మీరు కొనసాగించవద్దు.

‘ది యెల్లో వాల్‌పేపర్’ గురించి పరిచయం రాసేవారు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఆ కథ సాంతం ఒక రోగనిర్ణయం మీద చేసిన పోరాటమే. గిల్మన్ 1887లో సైలస్ వైర్ మిచెల్ అనే ప్రసిద్ధ నరాల వైద్యుడి దగ్గర విశ్రాంతి చికిత్స తీసుకుంది. ఇంటిపనికే పరిమితం కావాలనీ, బతికినంతకాలం కలం ముట్టవద్దనీ ఆయన సలహా ఇచ్చాడని ఆమె తరువాత రాసింది. 1892 జనవరిలో ‘ది న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో వచ్చిన ఆమె కథలో, వైద్యుడైన భర్త జబ్బేమీ లేదని చెబుతూనే భార్యను ఒక అద్దె భవనం మేడమీది గదిలో విశ్రాంతి పేరుతో ఉంచుతాడు. కిటికీలకు ఊచలు ఉంటాయి, మంచం నేలకు బిగించి ఉంటుంది. ఇక్కడ చిన్నపిల్లలను ఉంచేవారేమో అని ఆమె అనుకుంటుంది. మంచాన్ని ఎవరో కొరికినట్టుందని ఒకచోట యథాలాపంగా రాస్తుంది. గోడకు కింది భాగాన, గదంతా చుట్టి వచ్చిన ఒక మసక చార ఉందనీ, అది ఎలా పడిందో అర్థం కావడం లేదనీ మరొకచోట రాస్తుంది. చివరికొచ్చేసరికి కోపంతో మంచం అంచును తానే కొరుకుతుంది. గోడ పొడవునా పాకుతూ, తన భుజం ఆ చారలో సరిగ్గా ఇమిడిందనీ, అందువల్ల దారి తప్పే భయం లేదనీ సంతోషిస్తుంది. ఆ గుర్తులు ఎప్పటివి, ఎవరివి అన్న అనుమానం పాఠకుడిని వెనక్కి, మొదటి పేజీల దాకా లాక్కుపోతుంది. గది వర్ణనను తగ్గిస్తే పాఠకుడు వెనక్కి వెళ్లినా అక్కడ చూడటానికి ఏమీ మిగలదు.

ఈ కథ వెలువడినప్పుడు బోస్టన్‌లోని ఒక వైద్యుడు పత్రికకు ఉత్తరం రాసి, ఇలాంటి కథలు రాయనే కూడదనీ, చదివినవారికి పిచ్చెక్కుతుందనీ నిరసన తెలిపాడని 1913లో గిల్మన్ గుర్తుచేసుకుంది. కాన్సస్ నుంచి మరొక వైద్యుడు మాత్రం ఉన్మాదపు తొలిదశను ఇంత బాగా వర్ణించిన రచనను తాను చూడలేదని రాసి, ఆమె స్వయంగా ఆ దశను అనుభవించిందా అని అడిగాడట. ఇద్దరిలో రెండవవాడు మేలు, సందేహం లేదు. కానీ కథను రోగి వివరాల కాగితంగా చదవడంలో ఇద్దరూ ఒక్కటే. ఈ వరుసలో చేర్చదగిన మరొక కథ షెరిడన్ లె ఫాన్యూ 1869లో రాసిన ‘గ్రీన్ టీ’. అందులో ఎర్రటి కళ్ల నల్లకోతి ఒకటి ఒక మతాచార్యుడిని విడవకుండా వెంటాడి చివరికి ప్రాణం తీసుకునేలా చేస్తుంది. అతను సాయం కోసం కబురంపిన వేళకు వైద్యుడు, ఎవరూ భంగం కలిగించకుండా ఈ కేసు గురించే ఆలోచించుకోవడానికి, ఎక్కడున్నదీ చెప్పకుండా ఒక సత్రంలో దిగి ఉంటాడు. రోగి చనిపోయాక, నేను అసలు చికిత్సే మొదలుపెట్టలేదు, పెట్టి ఉంటే తప్పకుండా నయమయ్యేదని తీరిగ్గా వివరిస్తాడు. ఆ వివరణ చదివి నవ్వాలో వణకాలో తెలియదు. మీ పరిచయకర్త ఆ కథ చదివితే బాగుండును.

స్థలాభావం మీ సమస్య అన్నది నాకు తెలియనిది కాదు. అషర్ కథ మూలంలో ఏడువేల మాటలకు పైబడినది, ఒక పేజీలో పట్టదు. పట్టనప్పుడు కుదించడం కంటే మరో కథను ఎంచుకోవడం మేలు. ‘ది టెల్-టేల్ హార్ట్’ రెండువేల పైచిలుకు మాటలే కనుక మీ అనుబంధంలో ఒక్క పేజీకి, బొమ్మ చిన్నది చేస్తే, ఒక్క వాక్యం కూడా తీయకుండా సరిపోతుంది. ‘ది హోర్లా’ ఎలాగూ తేదీల వారీగా విడగొట్టి ఉంది కాబట్టి దానిని రెండు వారాలు వేయండి, కానీ మే 8 నాటి పుటను ఉంచండి. 1887 నాటి రూపాన్నే తీసుకోండి, అనువాదకులు ఏ రూపాన్ని అనుసరించారో తెలియజేయండి. పరిచయం తప్పదనుకుంటే కథ కింద వేయించండి, రచయిత పుట్టుపూర్వోత్తరాలు, కథ మొదట అచ్చయిన పత్రిక, సంవత్సరం చాలు. కథలో ఉన్నది ఉన్మాదమా, దయ్యమా అన్నది పాఠకులకు వదిలేయండి. బొమ్మలో మనుషులెవరూ లేకపోయినా ఇబ్బంది లేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు